సగం బండల వాకిలి

"అవ్వా, నీ వాకిట్ల సగమే బండలున్నయి. మిగిలిన సగం మట్టి ఎందుకు?"

అందరు చూసి పోతరు గని ఎవ్వరడగరు బిడ్డ. గవి మీ తాత పరిసినయి. బుచ్చన్న, నా మరిది. కంది చేను చేసుకుంట, ఎండకాలం తాండూరు దిక్కు నాపరాళ్ల గనిల పనిచేసేటోడు.

ఓ యేడు మంచం పట్టిండు. జ్వరం లేదు, నొప్పి లేదు. గోడ దిక్కు మొకం పెట్టి పండేటోడు. మందు పెట్టిన్రని ఒకరు, గాలి సోకిందని ఒకరు. మా ఆడిబిడ్డయితె అంతా పెండ్లాం తప్పన్నది. ఆమె లెక్కల వాన పడకున్నా కోడండ్లదే తప్పు.

ఆఖరికి పట్నం డాక్టర్‌కు చూపిస్తిమి. మనసు కుంగింది, గోలీలు మింగాలె, నెలకోసారి వచ్చి ఎట్లున్నడో చెప్పాలె అన్నడు. రోగి ఎందుకు, నోరున్నది పోతె సాలదా అని నన్ను తోలిన్రు. గప్పుడు టేషన్ల సాయ ఒక అణా... కాదు కాదు, నయాపైసలొచ్చినయి అప్పటికి. సాయ మాత్రం గవే నీళ్లు.

ఇరవై దినాలకు బుచ్చన్న లేసిండు. తిన్నడు, నవ్విండు, పాడిండు. గనికాడ పారేసిన బండలు మోసుకొచ్చి ఊరందరి వాకిండ్లు ఉత్తగనే పరుసుడు షురువు చేసిండు. గొల్ల మల్లయ్య దొడ్డి గూడ పరిసిండు, గొర్లు జారి పడ్డయి. ఊరంత డాక్టర్ దేవుడన్నది. నేను గూడ అన్న, నా వాకిలి మొదలైనంక.

మీ నాయనమ్మ నర్సమ్మ వచ్చింది. "అక్కా, ఆయన నిద్రపోక వారమాయె. మాట మీద మాట, ఒక్కటి సమజైతలేదు. వద్దంటె మీదికొస్తున్నడు. డాక్టర్‌కు చెప్పు."

"మొన్న లేస్తలేడని ఏడిస్తివి, ఇయ్యాల పండుకుంటలేడని ఏడుస్తున్నవు. నీకు మొగడు ఎట్లుండాలెనే?" అన్న.

నెల కాంగనె పట్నం పోతె డాక్టర్ అడిగిండు, నిద్ర పోతున్నడా అని. "మస్తు మంచిగున్నడు సారు" అన్న. వాకిలి ఇంక సగం మిగిలె గద. ఇంకో నెలకు గోలీలిచ్చిండు.

నాలుగు దినాలకు బషీరాబాద్ అంగడిల ఓ కన్నడపాయనకు ఎడ్ల జత ఇచ్చేసిండు. అమ్ముడు గాదు, ఇచ్చుడు. ఎందుకయ్యా అంటె, "ఆయన నవ్వు మంచిగున్నది వదినె" అన్నడు. అట్లనుకుంటనే పోయి నాపరాళ్ల గని ఒడ్డు పొంటి ఉరికిండు, పడ్డా నాకేం గాదనుకుంట. నలుగురు పట్టి తెచ్చిన్రు. నర్సమ్మ ఉత్త కాడి పట్టుకొని గీ బండల మీదనే నిలవడ్డది. తిడితె జవాబిస్తుంటి.

తెల్లారి రైలెక్కిన. నిద్ర, ఎడ్లు, గని, నా వాకిలి గూడ, అన్ని చెప్పిన. డాక్టర్ తల పట్టుకున్నడు. "కుంగినోన్ని లేపుడే గాదమ్మా, గోలీ హద్దు దాటి అటు దిక్కు ఎత్తేసింది. కొందరికి గట్లయితది. మొన్ననే చెప్తె మొన్ననే ఆపుదును." ఊరందరి ముచ్చట్లు చెప్పే నోరు, అక్కరకొచ్చే ఒక్క ముచ్చట మింగింది సూడు.

ఆ గోలీ బంద్ చేసి వేరే మందిచ్చిండు, ఇకనుంచి రోగినే తెమ్మన్నడు. రెండు నెలలకు బుచ్చన్న నిమ్మళమైండు. ఎడ్లల్ల ఒకటి వాపస్ వచ్చింది, రెండోది ఆ నవ్వేటాయన కాడనే ఉండె. మిగిలిన వాకిలి ఎవలతోనన్న పరిపిద్దామని మా ఇంటాయన అంటె వద్దన్న. నర్సమ్మ ఎప్పుడొచ్చినా మట్టి దిక్కే కూసుండేది. ఆ సగం అలుకుతనే ఉన్న గిప్పటికి.

పో బిడ్డ, బస్సుకు యాళ్లయితుంది. మంచిగుండు. మస్తు మంచిగ గాదు, జర మంచిగుంటె సాలు.