తెల్లదారం కుట్టు

పాత స్పోర్ట్స్ కార్ల షోరూములో ఎర్రకారు ముందు ఆమె నిలబడింది. రెండేళ్ల క్రితం ఆమె భర్త పోయాక ఆ కారును కొన్నది ఆయన స్నేహితుడైన ఈ షోరూము యజమానే. ఇప్పుడు దాని అద్దం తుడుస్తున్నాడు.

"మా దగ్గర కొన్నదానికి నాలుగింతల ధర రాశావేంటి?"

"మార్కెట్ అలా ఉంది వదినా. ఇలాంటివి ఇప్పుడు తయారుకావడం లేదు. ఉన్నవాటికే ఎగబడుతున్నారు."

"అప్పుడు పాత ఇనుమన్నావుగా?"

"అప్పటి మాట అప్పటిది. ఇప్పుడు న్యాయంగానే పెట్టాను."

"ధర నీ ఇష్టం. ఈ బోర్డు సంగతి చెప్పు. 'ఎవరి చెయ్యీ పడని బండి. ఇంజనూ సీట్లూ కంపెనీవే.' ఎవరి చెయ్యీ పడలేదా?"

"అలా రాస్తేనే ఆ ధర పలుకుతుంది."

"మూడేళ్లు ఒక్క ఆదివారం ఇంట్లో కూర్చోకుండా ఆ ఇంజను విప్పి బిగించారు మీ అన్నయ్య. ఆయన చెయ్యి పడకపోతే ఇది గేటు దాటేదా?"

"నాకు తెలియదా వదినా? కానీ ఆ ముక్క చెబితే ధర సగానికి పడిపోతుంది."

"అంటే ఆయన పనితనం దీనికి మచ్చా?"

"కొనేవాళ్లకు అంతే. మెల్లగా మాట్లాడండి, అదిగో వాళ్లే వస్తున్నారు."

"రానీ. డ్రైవర్ సీటు అడుగున ఎప్పుడైనా చూశావా? నల్లదారం అయిపోతే, చివరి జానెడు తెల్లదారంతో కుట్టాను నేను. ఆయన వారం రోజులు నవ్వారు."

"వదినా, మీకు దణ్ణం పెడతాను."

"నాకెందుకు? ఆ ఇంజనుకు పెట్టు. రండి బాబూ, ఇలా రండి! ముందు ఈ సీటు పైకెత్తి కుట్టు చూడండి. ధర తర్వాత అడుగుదురుగాని."