రానివారు లేనివారు కారు

1973 జూన్ 11న గవర్నర్‌పేటలోని మన వైద్య పరిశోధన కేంద్రంలో గణాంక సహాయకురాలిగా చేరిన శ్రీమతి త్రిపురసుందరి గారు, అంచెలంచెలుగా ఎదిగి, గణాంకాధికారిగా ఈ జూలై నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. మితభాషిణి. నిష్కర్షకు పెట్టింది పేరు. కంప్యూటరు వచ్చిన కొత్తలో మేమంతా చెప్పులు విడిచి భయభక్తులతో ఆ గదిలో అడుగుపెడితే, ఆమె మాత్రం లెక్క తప్పితే దాన్నీ కసురుకునేవారు.

పక్షవాతం వచ్చినవారు ఆపై ఎంతకాలం జీవిస్తారో, ఏ కారణాలు వారి ఆయువును నిలుపుతాయో అంచనా కట్టే గణిత నమూనా బాధ్యతను 1993లో ఆమెకు అప్పగించారు. ఆ మరుసటి ఏడే భర్త ఉదయభాస్కర్ గారు గుండెపోటుతో స్వర్గస్థులయ్యారు. సంతానం లేదు. పెద్దకర్మ ముగిసిన మర్నాడే ఆమె ఆఫీసుకు వచ్చేశారు. భవానీపురం ఇంట్లో ఆ నిశ్శబ్దాన్ని భరించలేక వచ్చారని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పనంటే ప్రాణమని అందరూ మెచ్చుకుంటే కాదనలేదు.

ఆ రోజుల్లోనే, ఆ నమూనా కోసం మేము ఏటా పరీక్షించే పక్షవాత రోగుల్లో ఒకడైన కొల్లేటి మత్స్యకారుడు పోతురాజు పరీక్షలకు రావడం మానేశాడు.

"ఇన్నాళ్లూ రాలేదంటే పోయినట్టేనండీ. చనిపోయాడని రాసేయండి," అన్నారు డాక్టర్ మణికుమార్ గారు.

"రానివాళ్లంతా లేనివాళ్లు కారండీ," అని ఆమె మర్నాడే బస్సెక్కారు.

పోతురాజు బతికే ఉన్నాడు, నులకమంచం మీద. కుడిచెయ్యి, నోటిమాట పడిపోయాయి. భార్య గంగాదేవి చేపల గంప దించుతూనే ఆనాటి బేరాలన్నీ అతనికి ఏకరువు పెడుతోంది.

"జవాబు చెప్పలేడు కదమ్మా?" అన్నారు ఈమె.

"మాటేగా పోయింది, చెవులున్నాయి కదండీ! చెప్పకపోతే ఆయనకి పొద్దెట్టా పోద్ది? నాకు మాత్రం ఎట్టా పోద్ది?"

తిరిగివచ్చి, వయస్సు, రక్తపోటు, మధుమేహాల సరసన ఇంకో ప్రశ్న చేర్చారు: ఇంట్లో రోజూ పలకరించేదెవరు? పెద్దలు నవ్వారు. నవ్విన నాపచేనే పండింది. ఆ ప్రశ్న చేరాకే ఆమె అంచనాలు వాస్తవానికి దగ్గరపడ్డాయి.

మొన్న, కొత్తగా చేరిన రాగిణి ఆ ప్రశ్నలు అడగడం నేర్చుకుంటూ, సరదాకి ఆమెనే అడిగింది: "మేడమ్, మీ ఇంట్లో పలకరించేదెవరండీ?"

"రేడియో ఉందిగా అమ్మా," అని నవ్వారామె.

ఎవరికీ నవ్వు రాలేదు. అయ్యో, ఊరందరినీ అడిగించిన మనిషిని ఇన్నేళ్లూ ఆ మాట అడిగినవారే లేరు!

ఆగస్టు నుంచి ఆమె ఆఫీసుకు రారు. రానివారిని లేనివారిగా రాసెయ్యకూడదని నేర్పింది ఆమే. ఆయువు ఉత్త దీవెనలతో పెరగదనీ ఆమెకు తెలుసు. కనుక మొదటి సాయంత్రం భవానీపురంలో తలుపు తట్టే వంతు రాగిణిది, మర్నాడు డాక్టర్ మణికుమార్ గారిది, ఆపై మనందరిదీ. త్రిపురసుందరి గారూ, ఆ రేడియో కాస్త తగ్గించి ఉంచండి. మా కబుర్లు విని విని విసుగు పుట్టేదాకా, సంపూర్ణారోగ్యంతో పదికాలాల పాటు చల్లగా ఉండండి!