రెండు వేళ్ల బ్రేకు

ఓల్షింకా పోలీసు ఠాణా. జూలై ఇరవై మూడు, మంగళవారం, ఉదయం తొమ్మిదిన్నర గంటలు.

నా పేరు లెయొకాదియా సోవా. తండ్రి పేరు అంతోని సోవా, కాలం చేశారు. వయస్సు అరవై ఒకటి. పెళ్లి చేసుకోలేదు. ఓల్షింకా బడి వంటశాలలో వంటమనిషిని. ఇంతకు ముందు ఠాణా గడప తొక్కి ఎరగను. చనిపోయిన వాత్సవ్ బియెలక్‌కు నేను చుట్టాన్ని కాను. ఆయనతో నాకు తగువేమీ లేదు. తెలిసి అబద్ధం చెబితే శిక్ష ఉంటుందని అధికారి మార్తా జెలెన్ గారు ముందే చెప్పారు, నాకు అర్థమైంది. నన్ను ఎవరూ పిలవలేదు. మా బొగ్నా బండి దొంగతనం చేసిందని ఫిర్యాదు ఇచ్చారని తెలిసి నా అంతట నేనే వచ్చాను.

బొగ్నా మా తమ్ముడు జెనన్ కూతురు. పదహారేళ్లు నిండాయి. జ్ఞానస్నానం నాడు దాన్ని ఎత్తుకున్న జ్ఞానతల్లిని నేనే. మా వైపు జ్ఞానతల్లి అంటే పేరుకు దైవకార్యం, పనికి పెద్ద కానుకల ఖర్చు. మొదటి సత్ప్రసాదానికి సైకిలు కొన్నాను. సెప్టెంబరు నుంచి అది పట్నంలో రొట్టెల తయారీ నేర్పే బడికి వెళ్లాలి. పట్నం బస్సు ఈ వసంతంలోనే ఆగిపోయింది. జూన్‌లో చిన్న మోటార్‌సైకిల్ లైసెన్సు తెచ్చుకుని మా వంటశాలకు వచ్చి, పొయ్యి పక్కన నిలబడి, "అత్తా, సైకిలు చిన్నదైపోయింది" అంది. అర్థం చేసుకోవడానికి నాకు పెద్ద చదువు అక్కర్లేకపోయింది.

ముప్పై ఏళ్లు నేనూ నూట పాతిక సీసీ బండి మీదే వంటశాలకు వెళ్లాను. కాబట్టి ఎంపిక నాకే వదిలేయమన్నాను. జెనన్ వినలేదు. "అక్కా, నీ కాలం వేరు. షాపులో కొత్తది కొను, గొడవుండదు" అన్నాడు. సరేనని పట్నం షాపుకు వెళ్లాం. బండి మెరిసిపోతోంది. బ్రేకు కేబుల్ తెగితే కొత్తది ఎన్నాళ్లకు వస్తుందని అడిగాను. కుర్రాడు కంప్యూటర్ చూసి మూడు వారాలన్నాడు. మూడు వారాలు పిల్ల ఎలా ఆగుతుందని అడిగితే నవ్వాడు. నాకు నవ్వు రాలేదు, తిరిగి వచ్చేశాం.

రెండోది బొగ్నా మనసు పడ్డది. పక్క ఊళ్లో ఒక కుర్రాడి దగ్గర నల్లది, సీటు గుర్రమంత ఎత్తు. వెళ్లగానే ఇంజను మీద చెయ్యి పెట్టి చూశాను, అప్పటికే వేడిగా ఉంది. నిన్నటి కూర వేడిచేసి ఇవాళ్టిదని వడ్డించేవాళ్లతో నేను నలభై ఏళ్లుగా వేగుతున్నాను. చల్లారాక వస్తాం, అప్పుడు స్టార్ట్ చేసి చూపించమన్నాను. ఆ కుర్రాడికి అప్పుడే ఏదో పని గుర్తొచ్చింది. "చూశావా, పైన పటారం, లోన లొటారం" అన్నాను. బొగ్నా దారంతా మూతి ముడుచుకుంది.

మూడోది అడవి శాఖలో పనిచేసి రిటైరైన కాలిక్స్త్ గారిది. పాతది, ఎర్రది, అందమేమీ లేదు. ఇంజను రాయిలా చల్లగా ఉంది. రెండో తన్నుకే అందుకుంది. పొగ లేదు. గొలుసు బిగువుగా ఉంది. బ్రేకు మాత్రం మెత్తగా తగిలింది. ముందు చక్రానికి కొత్త బ్రేకు షూలు, కొత్త కేబుల్ వేసి ఇస్తేనే తీసుకుంటానన్నాను. ఆయన నొచ్చుకున్నాడు. "ఇరవై ఏళ్లు నన్ను ఆపింది, మీ పిల్లను ఆపదా?" అన్నాడు. "మీరు పోతే ఏడవడానికి నేను లేను. ఇది నా పిల్ల" అన్నాను. వారంలో చేయించి ఇచ్చాడు. రెండు వేళ్లతో నొక్కితే చక్రం గోడకు కొట్టుకున్నట్టు ఆగిపోయేది. అలా ఉండాలని అడిగింది నేనే. ఇది రాసుకోండి. ఆ బ్రేకు అంత గట్టిగా ఉండాలని అడిగింది నేనే.

జూలై పంతొమ్మిది, శుక్రవారం బండి ఇంటికి వచ్చింది. ఆ సాయంత్రం బడి వెనక పెరట్లో నేర్పాను. ముందు బ్రేకు రెండు వేళ్లతోనే, గుప్పిటతో ఎప్పుడూ పట్టకూడదు. ఎక్కే ముందు నాలుగడుగులు తోసి, లివరు నొక్కి చూడాలి. మన ఇంట్లోంచి తీసినా సరే, చూడాలి. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. "సిలువ గుర్తు కూడా వేసుకోనా అత్తా?" అంది. వేసుకుంటే నష్టమేమిటన్నాను.

ఆదివారం, ఇరవై ఒకటో తేదీ, మా గుడిలో బండ్ల ఆశీర్వాదం. క్రిస్తోఫర్ పునీతుడి పండుగ దగ్గరి ఆదివారం ఏటా చేస్తారు. కార్లు, ట్రాక్టర్లు, మోటార్‌సైకిళ్లు అన్నీ ఆవరణలో నిలుపుతారు. పూజ పదకొండుకు మొదలైంది. మా బండి గోడ వారగా, వరసలో చివరన పెట్టాం. దాని పక్కన అచ్చం అలాంటిదే ఇంకొకటి. అది బియెలక్‌ది.

రెండూ ఒకేలా ఎందుకున్నాయని మీరు అడిగారు. బండి రకం ఒకటే. రంగూ ఒకటే. మా చుట్టుపక్కల ఊళ్లలో ఎర్రగా కనిపించేదంతా స్వచ్ఛంద ఫైర్ దళం వాళ్ల మిగులు రంగే. ఇంజను బండికి వేయగా మిగిలింది అడిగినవాడికల్లా ఇస్తారు. మా గేట్లు, బకెట్లు, తేనెపెట్టెలు, చివరికి గుడి వెనక తోపుడు బండి కూడా అదే ఎరుపు. తాళం సంగతీ చెప్పాలి. ఆ పాత బండ్ల తాళంచెవి వట్టి పుల్ల లాంటిది. ఒకదానిది ఇంకొకదానికి పడుతుంది. సన్న మేకు పెట్టినా తిరుగుతుంది. ఈ ఊళ్లో పసిపిల్లాడికి కూడా ఇది తెలుసు.

బియెలక్ పొగగొట్టాలు శుభ్రం చేసే మనిషి. యాభై నాలుగేళ్లుంటాయి. ఆ పని చేసేవాళ్లు ఎదురైతే మన చొక్కా గుండీ మనం పట్టుకుంటే కలిసొస్తుందని మా నమ్మకం. పూజకు ముందు బొగ్నా ఆయన్ని చూసి టక్కున గుండీ పట్టుకుంది. ఆయన చూశాడు. "ఇవాళ ఆదివారం తల్లీ, నాకు సెలవు. ఇవాళ పట్టుకున్నా పనిచెయ్యదు" అన్నాడు. తర్వాత రెండు బండ్లనూ చూసి, "కవలపిల్లల్లా ఉన్నాయే. నీది మాత్రం స్నానం చేసి వచ్చింది" అన్నాడు. బొగ్నా నవ్వింది. వాళ్లిద్దరూ మాట్లాడుకున్నది అంతే.

ఫాదరు గారు నీళ్లు చల్లడం పన్నెండున్నరకు పూర్తయింది. క్షేమంగా నడిచిన ప్రతి కిలోమీటరుకూ ఒక గ్రోష్ నాణెం చొప్పున డబ్బాలో వేయడం మా ఆచారం. బొగ్నా పద్నాలుగు గ్రోష్‌లు వేసి, "ఇంతే నడిచింది, బాకీ లేదు" అని ఫాదరు గారితో చెప్పింది. తర్వాత మేమంతా గుడి వెనకకు, చెట్ల కిందికి, బెల్లపు రొట్టె తినడానికి వెళ్లాం. ఆ సమయంలో ఫైర్ దళం వాళ్లు తమ పెద్ద ఇంజను బండిని ఫొటో కోసం ముందుకు తేవాలని గోడ వారగా ఉన్న మోటార్‌సైకిళ్లను తోసి అటూ ఇటూ మార్చారు. మార్చింది దళం నాయకుడు గుస్తావ్, ఇంకో ఇద్దరు. ఇందులో వాళ్ల తప్పు కూడా లేదు. ఎవరి తప్పూ లేదు, అదే నాకు మింగుడుపడటం లేదు.

పన్నెండూ యాభైకి బొగ్నాను నేనే పంపాను. "పోయి కోడి సూపు పొయ్యి మీద పెట్టు, మేం నడిచి వచ్చేసరికి కాగుతుంది" అన్నాను. అది చివరన ఉన్న ఎర్ర బండి ఎక్కి వెళ్లింది. చివరన పెట్టాం కాబట్టి చివరనున్నదే మాదనుకుంది. నంబరు ప్లేటు చూసుకోలేదా అని అడిగారు. బండి వచ్చి రెండు రోజులు. సొంత ఫోన్ నంబరే చూసి చెప్పే పిల్ల అది.

అయిదు నిమిషాల తర్వాత బియెలక్ వచ్చి తన బండి కోసం వెతికాడు. నేను కూడా చూశాను. గోడ పక్కన ఒకే ఎర్ర బండి ఉంది. దాని ముందు బ్రేకు కేబుల్ కొత్తగా, నల్లగా నిగనిగలాడుతోంది. అది నేను వేయించిన కేబుల్. నా చేతిలో రొట్టె ముక్క ఉంది. అది అలాగే పట్టుకుని ఉన్నాను.

"బొగ్నా మీ బండి తీసుకెళ్లింది" అన్నాను. గుస్తావ్ పెద్దగా నవ్వాడు. "బియెలక్ అన్నా, నీ బండిని కూడా ఎత్తుకుపోయేవాళ్లున్నారా? నువ్వు ఊరికే ఇస్తానన్నా మేం వద్దంటామే" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. బియెలక్ నవ్వలేదు. ఆయన మొహం సున్నం కొట్టినట్టు అయింది.

"ఎటు వెళ్లింది?" అన్నాడు.

"ఇంటికి. మర వంతెన మీదుగా."

"ముందు బ్రేకు లేదు దానికి. గుప్పిటంతా బిగిస్తే ఏదో కాస్త. వెనకదీ అంతంతే, నేను గేరు తగ్గించి ఆపుకుంటాను. ఆ దిగుడులో పిల్లకు తెలీదు."

పాత పిండిమర పక్కనున్న ఆ వంతెన దిగుడు మీకు తెలుసు. కింద మలుపు, మలుపులో రాతి గోడ. అక్కడ పోయినవాళ్లకు ఎన్ని సిలువలు పాతారో కూడా మీకు తెలుసు. జెనన్ కారు తాళాలు వెతుక్కుంటున్నాడు, అవి జేబులోనే ఉన్నాయి. బియెలక్ ఎవరి కోసమూ ఆగలేదు. తన పుల్ల తాళం మా బండిలో పెట్టి తిప్పాడు. హెల్మెట్ గుడి వెనక చెట్ల కిందే ఉండిపోయింది. అలాగే ఎక్కి గేటు వైపు పోయాడు.

రెండు వేళ్లతోనే పట్టమని ఆయనకు ఎందుకు చెప్పలేదని మీరు అడగలేదు. అయినా చెబుతున్నాను. నాకు తట్టలేదు. దిగుడు, మలుపు, పిల్ల, ఇవే కళ్ల ముందున్నాయి. ఆ ఒక్క మాట నాకు తట్టలేదు.

గేటు దగ్గరికి ఆయన వెళ్లేసరికి పెద్ద ఇంజను బండి వెనక్కి వస్తోంది. ఆయన బ్రేకు పట్టాడు. ఎన్నో ఏళ్లుగా పట్టినట్టే, గుప్పిటంతా బిగించి పట్టాడు. చక్రం ఉన్నచోటే ఆగిపోయింది. మనిషి ఆగలేదు. తల గేటు రాతి స్తంభానికి తగిలింది. శబ్దం పెద్దగా రాలేదు. అంత చిన్న శబ్దం వచ్చిందేమిటని అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను. బండికి ఏమీ కాలేదు. ఒక అద్దం వంకరపోయింది, అంతే.

అందరికంటే ముందు నేను చేరాను. ఆయన వెల్లకిలా ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. గుస్తావ్ అంబులెన్స్‌కు ఫోన్ చేస్తున్నాడు. ఆయన భార్య స్టెఫానియా ఇంకా గుడి వెనకే ఉంది, ఆమెకు ఎవరో చెప్పడానికి పరిగెత్తారు. ఆయన నన్ను చూసి, "పిల్ల?" అన్నాడు.

ఆ మాటకు ముందు గానీ తర్వాత గానీ ఆయన నొప్పి అనలేదు, నీళ్లు అడగలేదు. "పిల్ల?" అని మళ్లీ అన్నాడు.

ఆయన కళ్లు మూతపడుతూ తెరుచుకుంటూ ఉండగా నేను ఒక జవాబు చెప్పాను. ఏం చెప్పానో చివర్లో చెబుతాను. "అయితే సరే" అన్నాడు. అంబులెన్స్ ఒంటిగంటా పన్నెండుకు వచ్చింది. అప్పటికే ఆయన లేడు.

ఒంటిగంటా పదికి, అంటే అంబులెన్స్ కంటే రెండు నిమిషాల ముందు, బొగ్నా రోడ్డు మలుపు తిరిగి వచ్చింది. బండి ఎక్కి కాదు, దిగి, తోసుకుంటూ వచ్చింది. మొహం ఎర్రగా, కోపంగా ఉంది. జనం గుంపు చూసింది గానీ మధ్యలో ఏముందో దానికి కనిపించలేదు. దూరం నుంచే, "అత్తా, బండి అమ్మిన ఆ ముసలాయన మనల్ని మోసం చేశాడు. దీనికి బ్రేకే లేదు" అంది.

తర్వాత అడిగితే చెప్పింది. ఆవరణలో తోసి చూడటానికి సిగ్గేసిందట, కుర్రాళ్లు నవ్వుతారని. గుడి దగ్గరి మలుపు దాటి, దిగుడుకు ముందు, ఎవరూ లేని చోట ఆగి, దిగి, నాలుగడుగులు తోసి లివరు నొక్కిందట. చక్రం ఆగలేదు. ఇక ఎక్కకుండా తోసుకుంటూ వెనక్కి వచ్చేసింది. దొంగతనం చేసినవాళ్లు ఎవరైనా బండి తోసుకుంటూ జనం మధ్యకు తిరిగి వస్తారా? నా మేనకోడలి గురించి నేను చెప్పేది ఇదే. అది ఆదివారం నుంచి అన్నం తినలేదు. ఎడమచేతి రెండు వేళ్లతో కుడిచేతి రెండు వేళ్లు పట్టుకుని కూర్చుంటోంది. వదలమంటే వదలదు.

ఫిర్యాదు ఇచ్చిన స్టెఫానియా మీద నాకు కోపం లేదు. మొగుడు పోయిన మనిషి నోటికి వచ్చింది అంటుంది. కానీ అది కాగితం మీదికి ఎక్కితే పిల్ల బతికినంత కాలం ఉంటుంది. ఆమె కూడా ఈ వాంగ్మూలం వినాలని కోరుతున్నాను. ఆయన చివరి మాటల కోసం ఆమె అందరినీ అడుగుతోందట. దగ్గరున్నది నేనొక్కదాన్నే.

ఆయన "పిల్ల?" అని రెండోసారి అడిగినప్పుడు నేను చెప్పింది ఇది: "దొరికింది. బాగానే ఉంది. బ్రేకు పట్టదని ముందే తెలుసుకుని దిగిపోయింది. తోసుకుంటూ వస్తోంది." బొగ్నా అప్పటికి ఎక్కడుందో నాకు తెలియదు. వంతెన కింద పడి ఉందనే అనుకున్నాను. అలా అనుకుంటూనే ఆ మాటలు చెప్పాను. ఇక్కడ నిజమే చెప్పాలన్నారు కాబట్టి ఇది కూడా ఒప్పుకుంటున్నాను. ఆయన వింటున్నప్పుడు అది అబద్ధం. బొగ్నా మలుపు తిరిగేసరికి అదే నిజమైంది, వినడానికి ఆయన లేడు.

పై మాటలన్నీ నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉన్నాయి. "అబద్ధం" అన్న మాట తీసేయమంటారా అని అధికారి అడిగారు, వద్దన్నాను. నాకు తెలిసినంతవరకు ఇదంతా నిజం.

(సంతకం) లెయొకాదియా సోవా

నమోదు చేసినవారు: మార్తా జెలెన్, ఓల్షింకా ఠాణా. ముగిసిన సమయం: పదకొండూ అయిదు.