చేదు సరిపోయింది

మధ్యాహ్నం. చిన్న వంటిల్లు. పొయ్యి మీంచి దించిన పెద్ద గిన్నె పక్కన వదిన నిలబడి ఉంది. బల్ల దగ్గర ఆడపడుచు ఉల్లిపాయలు తరుగుతోంది.

"ఉల్లిపాయ నా చేతిలో ఉంటే నీళ్ళు నీ కళ్ళలో ఏంటి వదినా?"

"ఘాటు గదంతా ఉంటుంది. సన్నగా తరుగు, పైన చల్లడానికవి."

"ఇంతకన్నా సన్నగా అంటే పిండి అవుతుంది. నువ్వేంటలా గిన్నెకి కాపలా ఉన్నట్టు నిలబడ్డావు? కాస్త కూర్చోరాదా?"

"కూర్చుంటాలే."

"భయమా? ఎందుకు భయం. ఆ పెద్ద హోటలాయన ఒక్క చెంచా తిన్నాడంటే అన్నయ్యని చెయ్యి పట్టుకుని తీసుకుపోతాడు. అంత హోటలుకి పెద్ద వంటవాడు. చేతికింద ఎంతమంది ఉంటారన్నావు?"

"చాలామందే ఉంటారట."

"చూశావా. మన కొట్టు ముందు అన్నయ్య నల్ల చిల్లీ కూర కోసం జనం నిలబడటం చూసేగా వస్తున్నాడు. బీఫ్ కూరలో చాక్లెట్టేంటని నవ్వినవాళ్ళే ఇప్పుడు గిన్నె అడుగు గీకి పెట్టమంటున్నారు. ఏదీ, మూత తియ్యి, కొంచెం రుచి చూస్తా."

"వద్దు."

"ఒక్క చెంచా."

"వద్దన్నానా. ఆ హోటలాయన తినకముందు ఎంగిలి చెయ్యకు."

"చెంచాతో తీసుకుంటే ఎంగిలేంటి? పొద్దుటి నుంచి వాసన పీల్చి పీల్చి చచ్చిపోతున్నా. మాంసం వేగుతున్నప్పుడు ఒకసారి, మిరపకాయలు నూరినప్పుడు ఒకసారి, చాక్లెట్టు కరిగేటప్పుడైతే ఇక చెప్పనే అక్కర్లేదు. జరుగు."

"అమ్మాయ్, చెబితే వినవేం, వద్దని..."

"థూ. వదినా, ఏంటిది?"

"నెమ్మదిగా. మీ అన్నయ్య పెరట్లో గడ్డం గీసుకుంటున్నాడు."

"ఉప్పు. ఉప్పు తప్ప ఇంకేం లేదు ఇందులో. అన్నయ్య సముద్రం ఎత్తుకొచ్చి పోశాడా? నీళ్ళివ్వు ముందు."

"తాగు."

"అన్నయ్య చెయ్యి ఎప్పుడూ ఇలా తప్పలేదే. పిలిచి చెప్తానుండు. అన్న..."

"పిలవకు. ఆయన వెయ్యలేదు."

"మరి?"

"ఆ చాకు కింద పెట్టు, తెగుతుంది."

"చాకు సంగతి తర్వాత. అన్నయ్య వెయ్యకపోతే ఎవరు వేశారు, పిల్లి వేసిందా?"

"నేనే వేశాను."

"పొరపాటున."

"కాదు."

"కాదంటే?"

"కాదంటే కాదు. కూర్చో, చెప్తాను. గొంతు పెంచకు. మీ అన్నయ్యకి రుచి తెలియడం లేదు."

"ఏంటి తెలియకపోవడం?"

"ఆ జ్వరం వచ్చి తగ్గిందిగా, అప్పటి నుంచి నాలుక చచ్చిపోయింది. ఉప్పు తెలియదు, పులుపు తెలియదు. వాసన కూడా లేదు."

"ఊరుకో వదినా. ఇందాక నా ముందే చేతి మీద చుక్క వేసుకుని నాకి చూశాడు. తల కూడా ఊపాడు."

"ఊపుతాడు. వేడి ఒక్కటే తెలుస్తుంది."

"నీతో చెప్పాడా?"

"చెప్తాడా? నాలుక పోయిందని ఏ వంటవాడైనా నోటితో చెప్తాడా? నాకే అనుమానమొచ్చింది. చాక్లెట్టు గిన్నెలో వేసేముందు ఎప్పుడూ ఒక ముక్క నోట్లో వేసుకుంటాడు కదా. ఒకరోజు డబ్బాలో చేదు చాక్లెట్టు తీసేసి, పిల్లలు చప్పరించే పాల చాక్లెట్టు పెట్టాను. రంగు కనబడకుండా కోకో పొడిలో దొర్లించి మరీ పెట్టాను."

"అమ్మో, నీ బుర్ర. ఏమన్నాడు?"

"కళ్ళు మూసుకుని చప్పరించి, చేదు సరిపోయింది అన్నాడు."

"పాల చాక్లెట్టునా?"

"పంచదార ముద్ద లాంటిదాన్ని నోట్లో పెట్టుకుని చేదు సరిపోయిందన్నాడమ్మాయ్."

"మరి కొట్టులో రోజూ ఆ రుచి ఎలా వస్తోంది?"

"ఆయన దించి అవతలికి వెళ్ళగానే నేను మూత తీస్తాను. ఉప్పు చాలకపోతే వేస్తాను. కారం మండుతుంటే ఇంకో ముక్క చాక్లెట్టు. చేదు ఎక్కువైతే కాస్త టమాటా గుజ్జు. వంట ఆయనదే. నేను సర్దుతాను, అంతే."

"అంటే నల్ల చిల్లీ నీదన్నమాట."

"ఆ మాట అనకు. మాంసం అంత మెత్తగా, ముక్క విరగకుండా ఉడికించడం నా వల్ల కాదు."

"సరే, అనను. ఇన్నాళ్ళూ సర్దినదానివి ఇవాళెందుకు తగలేశావు?"

"ఆ హోటల్లో నేనుంటానా? ఈయన మూత తీస్తాడు, నాకుతాడు, బాగుంది అంటాడు. వెనకాల చేతికింద వాళ్ళు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుంటారు. నాలుగు రోజుల్లో అందరికీ తెలిసిపోతుంది. నాలుక లేని వంటవాడని పేరు పెడతారు. ఇవాళైతే ఆ హోటలాయన ఒక్కడే తింటాడు, వెళ్ళిపోతాడు. ఏదో చెయ్యి తప్పిందనుకుంటాడు. మన కొట్టు మనకుంటుంది."

"నోరు విప్పి అన్నయ్యకి చెప్పొచ్చుగా ఇదంతా."

"పెదవి దాకా వస్తుంది. ఆయన మొహం చూసి మింగేస్తాను."

"ఇన్నాళ్ళు నువ్వు మింగి, ఇవాళ అన్నయ్య నోట్లో మట్టి కొట్టావు."

"అను. అనిపించుకోవాల్సినదాన్నే."

"ఒకటడుగుతా, నిజం చెప్పాలి. అన్నయ్య పరువు కోసమేనా?"

"ఇంకెందుకు?"

"ఏమో. నువ్వే చెప్పు."

"ఏముంది చెప్పడానికి."

"కూర గిన్నె వైపు కాదు, నా వైపు చూడు."

"జనం లొట్టలేసుకుంటూ ఆయన్ని పొగుడుతుంటే, నేను వెనకాల గిన్నెలు తోముతూ నాలో నేను నవ్వుకునేదాన్ని. ఆ కాస్త నవ్వు నాది. ఆయన అటు వెళ్ళిపోతే నాకు మిగిలేది గిన్నెలే. ఉప్పు చేతిలోకి తీసుకున్నప్పుడు అదీ గుర్తొచ్చింది. రాలేదంటే అబద్ధం."

"ఎంత వేశావు?"

"రెండు గుప్పిళ్ళు."

"ఒకటి అన్నయ్య పేరున, ఒకటి నీ పేరున. ఏడవకు, ఏడిస్తే అదీ ఉప్పే. బంగాళాదుంపలున్నాయా? కోసి పడేస్తే ఉప్పు లాగుతాయంటారు."

"బస్తా దుంపలేసినా లాగవు."

"ఉడికించిన బీన్స్ మిగిలాయిగా? సగం కూర తీసేసి అవి కలుపుదాం. నీళ్ళు పోద్దాం."

"పల్చనవుతుంది. నల్ల చిల్లీ అనిపించుకోదు."

"దీనికన్నా పల్చనే నయం. అసలు నీకు బాగుచెయ్యాలనుందా లేదా, అది తేల్చు."

"ఉంది. వేసిన మరుక్షణం నుంచీ ఉంది. చేతులే రావడం లేదు."

"చేతులు నావి వాడదాం. ఏది ఎంత వెయ్యాలో నువ్వు చెప్పు. ముందు గరిటె ఇవ్వు."

"ఆ గుంట గరిటె తీసుకో. నాలుగు గరిటెలు తీసి పక్కన... ఉష్. మీ అన్నయ్య."

"ఏమే, హోటలాయన అప్పుడే వచ్చేశాడు. ముందు గదిలో కూర్చోబెట్టాను. మీరిద్దరూ ఏంటలా దొంగలు పంచుకుంటున్నట్టు నిలబడ్డారు?"

"ఏం లేదన్నయ్యా. ఉల్లిపాయలు."

"ఇవి తరిగావా, రుబ్బావా అమ్మడూ? సరేలే. ఏమే, గిన్నె ఇటివ్వు."

"ఏమండీ, ఇంకాసేపు పొయ్యి మీద ఉంచితే..."

"దించిన కూరకి మళ్ళీ పొయ్యేంటి? ఆయనకి వేరే పనుందట."

"అన్నయ్యా, నువ్వొకసారి రుచి చూడు."

"నువ్వూరుకో అమ్మాయ్."

"నేను ఊరుకోను. చూడన్నయ్యా, నా మాట విని."

"ఇందాక చూశానుగా. సరే, చూస్తే పోయేదేముంది. ఊఁ. బాగుంది. సరిపోయింది. ఏమే, నువ్వు చెప్పు. తీసుకెళ్ళనా?"

"నన్నడుగుతారేంటి?"

"నిన్నే అడుగుతున్నా. నువ్వు సరే అంటేనే తీసుకెళ్తా. చెప్పవే, అవతల ఆయన కూర్చున్నాడు."

"తీసుకెళ్ళండి."

"ఆ, ఇప్పుడు ధైర్యమొచ్చింది. రొట్టె పళ్ళెం కూడా ఇటివ్వు."

"...వెళ్ళాడు. ఎందుకు చెప్పలేదు వదినా? మొహం మీద అడిగాడుగా."

"ఆ పరదా సందులోంచి చూడు. నేను చూడలేను."

"అన్నయ్య వడ్డిస్తున్నాడు. ఉల్లిపాయలు చల్లాడు. హోటలాయన వంగి వాసన చూస్తున్నాడు. నవ్వుతున్నాడు."

"తిన్నాడా?"

"చెంచా ఎత్తాడు. నోట్లో పెట్టుకున్నాడు."

"ఊఁ."

"దవడ కదలడం లేదు వదినా. నమలడం లేదు. మింగాడు. గ్లాసు ఎత్తాడు, మొత్తం తాగేశాడు. అన్నయ్య ఇంకో గ్లాసు పోస్తున్నాడు."

"ఏమన్నా అంటున్నాడా?"

"లేదు. చెంచా కింద పెట్టాడు. ఇటు చూస్తున్నాడు, వంటింటి వైపు. ఇటెందుకు చూస్తున్నాడు?"

"పరదా వదిలెయ్యి."

"లేచాడు. మూతి తుడుచుకున్నాడు. బూట్లు వేసుకుంటున్నాడు. అన్నయ్య ఏదో అడుగుతున్నాడు, ఆయన పలకడం లేదు. తలుపు తీశాడు. వెళ్ళిపోయాడు వదినా. ఒక్క మాట కూడా అనకుండా వెళ్ళిపోయాడు."

"అనుకున్నదేగా జరిగింది."

"మరి తోమిన గిన్నెనే మళ్ళీ ఎందుకు తోముతున్నావు?"

"జిడ్డు పోలేదు. ఊరుకో, వస్తున్నాడు."

"బాగాలేదని కూడా అనలేదే ఆయన. తిట్టినా బాగుండేది."

"అన్నయ్యా, ముందు కూర్చో నువ్వు."

"కూర్చుంటాలే. ఏమే, ఇవాళ నువ్వు రుచి చూడలేదా?"

"నేనా? నేనెప్పుడు..."

"రోజూ చూస్తావుగా. దించగానే నేను అవతలికి పోయేది ఎందుకనుకున్నావు? ఇవాళ నీకు తొందర కాకూడదని, గీసిన గడ్డమే మళ్ళీ గీశాను."

"మీకు... తెలుసా?"

"నాలుక నాది. నాకు తెలియకుండా ఎక్కడికి పోతుంది? నువ్వు సర్దుతున్నావనీ తెలుసు. పాల చాక్లెట్టు రోజున చెత్తబుట్టలో కాగితం చూశాను. నీతో ఎలా చెప్పాలో తెలియక, నువ్వే ఎప్పుడో అడుగుతావులే అనుకున్నా."

"మరి ఆ ఉద్యోగానికి ఎలా ఒప్పుకున్నావన్నయ్యా? అక్కడ వదిన ఉండదుగా."

"ఎందుకుండదు? నా చెయ్యి, మా ఆవిడ నాలుక, ఇద్దరినీ తీసుకుంటేనే వస్తానని హోటలాయనకి మొదటిరోజే చెప్పాను. వంట నీది సరే, నీ భార్య నాలుక సంగతి తిని తేల్చుకుంటానన్నాడు. తిన్నాక ఆయన నోటితోనే నీకు చెప్పిద్దామనుకున్నాను. ఆయన ఇవాళ వచ్చింది నన్ను చూడ్డానికి కాదే, నిన్ను చూడ్డానికి."