సాక్షి నోటి కొలత

భివండిలోని టెంఘర్. మరమగ్గాలకు సెలవు దినం. వంటింట్లో ఇద్దరు తోటికోడళ్లు: పెద్దామె రాజమణి, చిన్నామె లత. రాజమణికి పొద్దున్నుంచి ఏదీ నచ్చడం లేదు.

"గ్లాసుల ఏమున్నదో చూడకుంట చాయ్ ఎవలన్న పోస్తరా అక్కా?"

"గ్లాసుల చాయ్ గాక ఇంకేం పోస్తరు లతా? గట్టు మీదున్నది, పోసిన."

"అండ్ల మా సాక్షి పండ్ల ట్రే ఉన్నది."

"నాకేం ఎరుక? అది నీళ్ల లెక్కనే ఉంటది, కండ్లకే కనవడదు. పండ్లకు తొడిగేది పండ్లకుండాలె. చాయ్ తాగే గ్లాసుల దానికేం పని?"

"తినేటప్పుడు తీసిపెట్టాలె గద. తిన్నంక కడుక్కొని మల్ల పెట్టుకుంటది. రోజు చేసే పనే."

"రోజు చేసే పనే, రోజు నాకు అడ్డమొచ్చే పనే. కడిగి పెట్టుకొమ్మను. చాయే గద, యాసిడ్ గాదు."

"ఇటు చూడు. వేడికి ముడుసుకపోయింది. పండ్ల వంకర తీసేదే వంకర వోయింది."

"నవ్వుతున్నవా, ఏడుస్తున్నవా?"

"రెండూ అస్తున్నయి అక్కా."

"అయితే ఇంకోటి తేండ్రి. మీకేం తక్కువ? మీ దిక్కు నోటికొకటి ఉన్నది. మరిదికి గుర్రు రాకుంట ఒకటి, బిడ్డకు పండ్లకొకటి. ఇగ నువ్వొక్కటి చేపిచ్చుకో, మాట మెత్తగొస్తది."

"ఆయన గుర్రు ఆగినంక గోడవతల మంచిగ పంటున్న అని నువ్వే అన్నవ్."

"అన్న. మర్యాదకు అన్న."

"సరే, లొల్లి అద్దు. డాక్టరమ్మకు ఫోన్ చేసిన. కొత్తది వచ్చేదాంక దీనికి ముందటి ట్రే పెట్టుమన్నది. లేకుంటే పండ్లు మల్ల ఎనుకకు పోతయట. పాతయన్ని అల్మారిల నీలం డబ్బల ఏసిపెట్టిన. డబ్బ ఉన్నది. అండ్ల ఒక్క ట్రే గూడ లేదు."

"నన్నడుగుతవేంది?"

"అల్మారి మొన్న నువ్వే సదిరినవ్ గద."

"సదిరిన. చెత్త ఉంటే పారేసిన. అయిపోయిన సామాన్ ఎవలన్న దాసుకుంటరా?"

"పారేసినవా?"

"పారేసిన్నేమో. యాదికి లేదు."

"పారేసినవా, పారేసినవేమోనా? డబ్బ ఉంచి లోపలియి పారేస్తరా?"

"డబ్బ జీలకర్ర పోసుకోను పనికొస్తదనుకున్న. ఏం, ఉరి పెడతవా?"

"ఉరేంది అక్కా, అడుగుతున్న. పూనం! ఓ పూనం! జర ఇటు రా బిడ్డా. సాక్షి పాత ట్రేలు ఏడనన్న చూసినవా?"

"ఊహూఁ."

"నోరు తెర్సి చెప్పరాదు?"

"దానికి పనున్నది లతా. పూనం, మేడ మీద బట్టలు ఆరినయేమో, పోయి తే."

"అవి గిప్పుడే గద ఆరేసింది?"

"ఆరినయేమో చూసి రమ్మన్న. పో బిడ్డా."

"పోతున్నమ్మా."

"ఆగు పూనం. ఏంది నీ మాట గట్ల ముద్దముద్దగొస్తున్నది? నోట్ల ఏం పెట్టుకున్నవ్?"

"ఏం లేదు చిన్నమ్మా."

"సాక్షి కొత్తల పెట్టుకున్నప్పుడు గిట్లనే మాట్లాడింది. నోరు తెరు."

"దాని నోరు నీకెందుకే? నా బిడ్డ నోరది!"

"తెరు బిడ్డా. నేను కొట్టను, తిట్టను... అయ్యో! తీసెయ్. ముందుగాల తీసెయ్ దాన్ని. నువ్వడిగి తీసుకున్నవా?"

"లేదు చిన్నమ్మా. అమ్మ పెట్టుకొమ్మన్నది."

"నేనే పెట్టుకొమ్మన్న! ఏమైంది? సాక్షికి అయిపోయినయే. ఒకటి అయిపోంగనే ఇంకోటి తొడుగుతది, పాతది డబ్బల వడుంటది. డబ్బల వడుండేది నా బిడ్డ పెట్టుకుంటే నీ సొమ్మేం పోయింది? ఇద్దరికి తాత పండ్లే వచ్చినయి, ఒక్క తీరు వంకర. ఒకదానికి సక్క చేసేది ఇంకోదానికి చెయ్యదా?"

"ఇవి చెప్పులా అక్కా, జరంత అటిటున్నా తొడుక్కోను? సాక్షి నోరు కొలిచి చేసింది. దాని పండ్లను ఎటు నూకాలెనో అటు నూకుతది. పూనం పండ్లను ఎటు నూకిందో ఎవలకెరుక?"

"నొస్తున్నదని అన్నది. నొస్తే పని చేస్తున్నట్టే అనుకున్న. సాక్షికి గూడ కొత్తల నొచ్చింది, నువ్వే చెప్పినవ్."

"చిన్నమ్మా, ఎడమ దిక్కు నములరాదు. ఖరం సాంగ్తే, నిజం చెప్తున్న, కింది పన్ను ఒకటి ఊగుతున్నది."

"ఊగుతున్నదా? మరి నాకెందుకు చెప్పలేదే?"

"చెప్పిన అమ్మా. ఓర్సుకొమ్మన్నవ్."

"గింత ఊగుతున్నదని చెప్పినవా? నొస్తున్నదనే చెప్పినవ్."

"అక్కా, ఒక్క మాట అడుగుత. సాక్షి పుట్టిన కాన్నుంచి పూనం ఇడిసినయే తొడుక్కున్నది. పూనం ఫ్రాకులు, పూనం బడి డ్రెస్సులు, పూనం పుస్తకాలు. బూట్లు పెద్దగైతే ముందట పత్తి కుక్కి తొడిగిచ్చిన. ఒక్కనాడన్న అన్ననా?"

"అనలే. మూతి ముడిసినవ్."

"ముడిసిన. అవును, ముడిసిన. నాకు గూడ కడుపుల మండింది. గందుకే గిదొక్కటి దాని కొలతకు, దాని పేరు మీద చేపిచ్చిన. ఇగ దీన్ని ఎవలు ఎవలికి ఇయ్యరాదు, ఎవలు తీసుకోరాదు అనుకున్న. నువ్వు గదిగూడ తీసుకున్నవ్."

"సాక్షి అద్దం ముందట నిలవడి నవ్వుతది లతా. 'పెద్దమ్మా, చూడు, మొన్నటికన్న ఎంత సక్కగైనయో' అంటది. చూడాలె. చూసి మంచిగున్నయనాలె. ఎనుక నా బిడ్డ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వుతది. నాకెట్లుంటది? నీకేం, వచ్చే నెల అంజూర్ ఫాటాకు పోతర్రు. కొత్త బిల్డింగు, లిఫ్టు. మాకు గీ మగ్గం సాంచాల సప్పుడే."

"మేం పోతున్నమంటే నీకు సంతోషమే అనుకున్న."

"సంతోషమే. ఎప్పుడు పోతరా అని చూస్తున్న."

"సరే. పూనం, చెప్పులేసుకో. డాక్టరమ్మ దగ్గరికి పోదాం."

"నేనూ వస్త."

"నువ్వొస్తే అది నీ మొఖం చూసి నొస్తలేదంటది అక్కా. నువ్వుండు."

మధ్యాహ్నం. లత, పూనం దవాఖాన నుంచి తిరిగొచ్చారు. రాజమణి భర్త కనకయ్య కూడా వచ్చి భోజనానికి కూర్చున్నాడు.

"దానికి రొట్టె ఎయ్యకక్కా. మెత్తగ పప్పన్నం పెట్టుమన్నది డాక్టరమ్మ."

"నా బిడ్డకు ఏం పెట్టాలెనో నాకెరుక లతా."

"ఇద్దరు జర ఆగుర్రి. ముందుగాల నాకు చెప్పు లతా, పన్ను ఉంటదా, పోతదా?"

"ఉంటది బావా. ఇంకొన్ని దినాలు గట్లనే పెట్టుకుంటే పోతుండె. ఇప్పుడది గట్టివడాలె. గట్టివడ్డంక పూనం నోరు కొలిచి, దానికి వేరే చేస్తరు. అందాంక మాటిమాటికి తోల్కపోయి చూపియ్యాలె."

"చేపిద్దాం. రాజమణీ, నన్నొక్క మాట అడిగితే ముందే చేపిస్తుంటి గద."

"అడిగితే, సాక్షిని చూసి అడుగుతున్నవని అంటుంటివి."

"చూసి కాదా మరి?"

"పప్పు ఎయ్యాలెనా?"

"పప్పు సంగతి తర్వాత. చూసి కాదా?"

"చూసే! చూసినందుకే. రెండు కండ్లున్నయి నాకు, ఇంట్లనే ఉంట, కనవడదా? తిను, సల్లారుతది."

"బావా, నాదొక మాట ఉన్నది. డాక్టరమ్మ దవాఖాన అంజూర్ ఫాటాలనే. మేం ఎట్లైనా పోతున్నం. పూనంను మాతోని తోల్కపోత. సాక్షికి తోడుంటది, కాలేజికి ఆడ్నుంచి గూడ రిక్షలు దొరుకుతయి."

"ఏంది? ట్రే తీసుకున్న అని నా బిడ్డను తీసుకుంటవా లతా?"

"గట్ల కాదక్కా."

"గట్లనే. పొద్దుగాల్నుంచి చూస్తున్న. నా బిడ్డ నోట్ల చెయ్యి పెట్టినవ్, నన్ను ఇంట్ల ఉండుమన్నవ్, నువ్వే తల్లి లెక్క తోల్కపోయినవ్. అంజూర్ ఫాటా ఏమన్న దేశం అవతలున్నదా? నేను తోల్కపోత. రోజు పొమ్మంటే రోజు పోత."

"ఒర్రకు రాజమణీ. లత అడ్డమేం చెప్తలేదు. అయినా నువ్వు నేను అనుకునేదేంది, దాన్నడుగుదాం. పూనం, నీ ఇష్టం బిడ్డా."

"దాన్నడుగుడేంది? అది నన్నిడిసి ఏడికి పోతది? చెప్పవే, పోనని నీ బాపుకు చెప్పు. నీ చిన్నమ్మ గూడ ఇంటది."

"పోత బాపూ."

"పూనం!"

"పోతనమ్మా. పండ్లు సక్కగైనంక గూడ ఆడనే ఉంట."

"ఎందుకే? నేనేం చేసిన? నీ మంచికే గద చేసింది?"

"సాక్షి, నేను ఇద్దరం ఆడుంటే, మమ్ముల పక్కపక్కకు నిలవెట్టి చూసే పని ఇగ నీకుండదమ్మా."