అడుగుతారేమోనని

సభకు అధ్యక్షత వహిస్తున్న సూపరింటెండెంటుగారికి, రేపటి నుంచి నా కుర్చీలో కూర్చుని మెడిసిన్ విభాగాన్ని నడపబోతున్న మేడమ్‌గారికి, నాకంటే ముందే రిటైరై ఇవాళ నా వంతు ఎలా ఉంటుందో చూద్దామని పనిగట్టుకుని వచ్చిన పెద్దలకు, సిస్టర్లకు, ల్యాబ్ మిత్రులకు, డ్యూటీ అయిపోయి వచ్చినవాళ్లకు, డ్యూటీలో ఉండి కూడా టీ కోసం వచ్చినవాళ్లకు, అందరికీ నమస్కారం. (నవ్వులు)

నేను ప్రసంగం రాసుకొచ్చాను. జేబులో ఉంది. ఈ ఆసుపత్రిలో అనవసరపు రక్తపరీక్షలు తగ్గించడానికి మా కమిటీ ఏమేం చేసిందో అందులో వివరంగా రాశాను, ఎందుకంటే మీరు నాకిచ్చిన ఈ షీల్డు మీద కూడా ఆ మాటే చెక్కించారు. కానీ నాకు ముందు మాట్లాడి ఇప్పుడే వెళ్లి కూర్చున్న మా జూనియర్ డాక్టరమ్మ చెప్పింది విన్నాక, ఆ కాగితం బయటికి తీయడానికి నాకు చెయ్యి రావడం లేదు. మీరేమీ అనుకోకపోతే కాసిని మంచినీళ్లు తాగి మొదలుపెడతాను.

(విరామం)

ఆ అమ్మాయి నన్ను మెచ్చుకోవడానికే చెప్పింది, అందులో అనుమానం లేదు. సార్ పొద్దున్నే రౌండ్స్‌కు వస్తారంటే మాకు ముందురోజు నుంచే హడావిడి, ఏ పేషెంటు దగ్గర ఏ అంకె అడుగుతారో తెలియదు కాబట్టి వార్డులో ఉన్నవాళ్లందరికీ అన్ని పరీక్షలూ పంపేసేవాళ్లం, సార్ అడిగిన అంకె మా దగ్గర లేకపోవడమన్నది ఒక్కసారి కూడా జరగలేదు, అంది. మీరంతా చప్పట్లు కొట్టారు. మీతో పాటు నేనూ కొట్టాను. కొడుతూ ఉండగానే ఆ మాట లోపలికి దిగి, చేతులు అలాగే ఆగిపోయాయి.

నేను అడిగే మాట నిజమే. మంచం పక్కన నిలబడి, 'సోడియం ఎంత?' అంటాను. 'నిన్నెంత, ఇవాళెంత?' అంటాను. నేను జూనియర్‌గా ఉన్నప్పుడు మా ప్రొఫెసరు నన్నలాగే అడిగేవారు, ఆయన్ని ఇంకెవరో అలా అడిగి ఉంటారు. జూనియరు ఆ పేషెంటు కేసు శ్రద్ధగా చదివాడా లేదా అని చూడటానికి అడిగే ప్రశ్న తప్ప, నిజం చెప్పాలంటే నాకు ఆ అంకెతో చాలాసార్లు పనే ఉండదు. వాళ్లు చెబుతుంటే తలూపుతూ పక్క మంచానికి వెళ్లిపోయేవాణ్ణి. ఆ తల ఊపడం కోసం ఇంతమంది చేతుల్లో సూదులు దిగాయని నాకు ఎవరూ చెప్పలేదు. నాతో ఎలా చెబుతారు? నాకే నమ్మబుద్ధి కావడం లేదు.

మా కమిటీ సర్క్యులర్లు పంపింది, లిఫ్టు పక్కన పోస్టర్లు అంటించింది, 'ఈ పరీక్ష ఫలితం వస్తే మీరు చేసే వైద్యం మారుతుందా?' అని ప్రతి మీటింగులో నేనే గొంతు చించుకున్నాను. అన్ని వార్డుల్లోనూ పరీక్షలు తగ్గాయి, నా వార్డులో తప్ప. ల్యాబ్ అధిపతిగారు ఆ సంగతి ఎత్తినప్పుడల్లా, మీ లెక్కే సరిగా లేదని ఆయన నోరు మూయించాను. అదుగో, రెండో వరుస చివర కూర్చున్నారు. మర్యాదస్తుడు, నా మొహం చూడలేక తన చెప్పుల వంక చూసుకుంటున్నారు. (నవ్వులు)

ఇంతవరకే అయితే నేనూ మీతో కలిసి నవ్వేసి, సిగ్గుపడి, ఇంటికి వెళ్లిపోయేవాణ్ణి. కానీ ఆ అమ్మాయి మాట్లాడుతుండగా నా చూపు ముందు వరుసలో ఖాళీగా ఉన్న ఆ కుర్చీ మీద పడింది.

ఆ కుర్చీ మా అక్కది. మా అమ్మ పోయాక నాకు అన్నం పెట్టి, చెవి మెలేసి చదివించి, ఇంతవాణ్ణి చేసింది ఆవిడే. ఇవాళ ఇక్కడ కూర్చోవాల్సిన మనిషి, పైన ఆడవాళ్ల వార్డులో మంచం మీద ఉంది. జ్వరమని చేర్చాను, జ్వరం తగ్గిపోయింది. ఈపాటికి ఇంటికి వెళ్లి నాతో పోట్లాడుతూ ఉండాల్సింది. కానీ లివర్ పరీక్షలో ఒక అంకె ఉండాల్సిన గీతను కాస్త దాటింది. గీత దాటింది కదా అని స్కాన్ తీశారు. స్కాన్‌లో చిన్న మచ్చ కనిపించింది. ఆ మచ్చ ఏమిటో తేల్చడానికి రేపు పొద్దున పొట్టలోకి సూది దింపి, లివర్‌లోంచి ముక్క తీస్తారట.

నా సొంత మనిషి కాబట్టి నేను తలదూర్చకూడదని, మీకు తోచినట్టు చూడండమ్మా అని జూనియర్లకు చెప్పి పక్కకు తప్పుకున్నాను. అది పద్ధతి అనుకున్నాను. పొద్దున వెళ్తే అక్క నా చెయ్యి పట్టుకుని, "ఏరా, జ్వరం పోయింది, ఆకలేస్తోంది, మెట్లెక్కి దిగుతున్నాను. ఇంతకీ నాకేం జబ్బురా?" అని అడిగింది. మా డాక్టరు పిల్లలకు అన్నీ తెలుసు, నువ్వు ఊరుకో అన్నాను. ఊరుకుంది పిచ్చిది.

అమ్మాయ్, నువ్వొకసారి లేచి నిలబడు. మైకు ఇవ్వండి. కోప్పడటం లేదమ్మా, తెలుసుకుందామని అడుగుతున్నాను. తగ్గిపోయిన జ్వరానికి లివర్ పరీక్ష ఎవరు పంపమన్నారు?

"ఎవరూ పంపమనలేదు సార్. మీ అక్కగారు కదా. మీరు అడుగుతారేమోనని..."



మా స్కానింగ్ డాక్టరు ఎక్కడ? నా స్నేహితుడు, ఎప్పుడూ చీకట్లో కూర్చుంటాడని మేం గుడ్లగూబ అంటాం. ఆ మచ్చ గురించి నీ రిపోర్టులో ఏం రాశావు? గట్టిగా చెప్పు. విన్నారా? చాలామందికి ఉండే రకమే, ప్రమాదం లేదు, ఆరు నెలల తర్వాత ఇంకోసారి చూస్తే చాలని రాశాడట. అంత స్పష్టంగా రాసి ఉంటే మరి ఈ సూది దేనికమ్మా?

సరే, కూర్చో, నేనే చెబుతాను. 'మచ్చ సంగతేమిటి?' అని నేనడిగితే, 'ప్రమాదం లేదంటున్నారు సార్' అని నా ఎదురుగా నిలబడి చెప్పడానికి వీళ్లకు గుండె చాలలేదు. ముక్క తీసిన రిపోర్టు చేతిలో ఉంటే ధైర్యంగా ఉంటుందనుకున్నారు. అంటే నేను ఇంకా అడగని ప్రశ్నకు జవాబు సిద్ధం చేయడం కోసం, మా అక్క పొట్టలో సూది దిగబోతోంది. ఇన్నేళ్లు వైద్యం చేశాను, ఎన్నో చూశాను, ఇలాంటిది మాత్రం ఇవాళే చూస్తున్నాను.

మేడమ్‌గారూ, ఈ సాయంత్రంతో వార్డు మీది అయిపోయింది. కాబట్టి పేషెంటు తమ్ముడిగా మిమ్మల్ని అడుగుతున్నాను. రేపటి సూది మా అక్కకు అవసరమా?

"అక్కర్లేదు సార్. రిపోర్టు నేనూ చూశాను, ఆపేద్దాం. డిశ్చార్జి ఇప్పుడే రాస్తాను" అంటున్నారు. మీకెలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదండీ. ఈ షీల్డు కూడా మీ దగ్గరే ఉంచండి. నా వార్డులో ఎప్పుడైనా పరీక్షలు తగ్గితే అప్పుడు ఎవరికివ్వాలో మీరే ఆలోచించండి.

ఏమ్మా, మళ్లీ చెయ్యెత్తావు? చెప్పు, పరవాలేదు.

"సార్, సూది వద్దనుకునే ముందు లివర్ పరీక్ష ఇంకొక్కసారి పంపమంటారా? రేపు రౌండ్స్‌లో మీరు అడిగితే..."

(నవ్వులు)

నవ్వకండి. దయచేసి నవ్వకండి. నవ్వించడానికి అనలేదు ఆ పిల్ల.

రేపు రౌండ్స్‌కు నేను రానమ్మా. అడగడానికి నేనిక్కడ ఉండను.

నన్ను ఇంతకాలం భరించినందుకు మీ అందరికీ ధన్యవాదాలు. భోజనాలకు ఉండలేను, పైకి వెళ్లి అక్కను ఇంటికి తీసుకెళ్లాలి. సెలవు.