ఒక్క పొరగా ఊడే తొక్క కోసం ఇరవై ఆరేళ్ళు

1983వ సంవత్సరం మార్చి 14వ తేదీ సోమవారం ఉదయం తుంజా నదీ తీరంలోని మన దోల్నా రెకా కూరగాయల ప్రయోగ కేంద్రంలో క్షేత్ర కార్మికురాలిగా చేరిన ఇరవై ఏళ్ళ యువతి, నలభై రెండు సంవత్సరాల ఆరు నెలల అవిచ్ఛిన్న సేవ అనంతరం, ఈ సెప్టెంబరు 30వ తేదీన ప్రధాన సాంకేతిక సహాయకురాలిగా పదవీ విరమణ చేస్తున్నారు. ఆమె శ్రీమతి రుసాంకా తోనెవా గారు. మొదటి రోజు ఆమెకు అప్పగించిన పని టమాటా గింజలను తొట్టెలో కడగడం. చివరి రోజు ఆమె చేస్తున్న పని కూడా గింజలు కడగడమే కావడం యాదృచ్ఛికం కాదు. ఆ పని మరొకరు చేస్తే ఆమెకు తృప్తి ఉండదు.

అభినందన వ్యాసాలలో ఉద్యోగి నిర్వహించిన పదవులను వరుసగా పేర్కొనడం ఆనవాయితీ. రుసాంకా గారి విషయంలో ఆ జాబితా చిన్నది. క్షేత్ర కార్మికురాలు, విత్తన శాల కార్మికురాలు, ఉత్తరాల ద్వారా చదివి వ్యవసాయ మాధ్యమిక పట్టా పొందిన తరువాత సాంకేతిక సహాయకురాలు, చివరకు ప్రధాన సాంకేతిక సహాయకురాలు. ఇంతే. వారి జీవితాన్ని నడిపించినది పదవులు కావు, తొమ్మిదేళ్ళ వయసులో మనసులో పడిన ఒక కోరిక. దానిని గురించి చెప్పకుండా వారి సేవను గురించి చెప్పడం సాధ్యం కాదు.

వారి తల్లి స్తానా గారు మన పట్టణంలోని పాత డబ్బా ఆహార కర్మాగారంలో మిరపకాయలు వలిచే విభాగంలో పనిచేసేవారు. సెప్టెంబరు వచ్చిందంటే పొడవాటి ఎర్రని తీపి మిరపకాయలు కాలి, పొగలు కక్కుతూ బల్లల మీదకు వచ్చేవి. చల్లారితే తొక్క కండకు అతుక్కుపోతుంది కనుక వేడిమీదనే వలవాలి. సాయంత్రం ఇంటికి వచ్చాక స్తానా గారు చల్లని పెరుగు గిన్నెలో పది వేళ్ళూ ముంచి కూర్చుంటే, కూతురు రొట్టె తుంచి తల్లి నోటికి అందించేది.

"తొక్క దానంతటదే ఊడొచ్చే మిరపకాయ లేదా అమ్మా?" అని ఒకనాడు అడిగింది కూతురు.

"ఉంటే ఈ గిన్నె ముందు నాకేం పనే?" అన్నారు తల్లి.

ఆ మాట అక్కడితో ముగిసిందని తల్లి భావించారు. కూతురు భావించలేదు.

కేంద్రంలో చేరిన తొలి పదిహేనేళ్ళు రుసాంకా గారు ఈ కోరికను ఎవరికీ చెప్పలేదు. ఆ కాలంలో ఆమె చేసిన సేవలలో ఒక్కటి మాత్రం ఇక్కడ తప్పక స్మరించాలి. పాత పాలన కూలి దేశమంతా తలకిందులైన ఆ సంవత్సరాలలో ఒక శీతాకాలం కేంద్రంలో వేడి నీటి గొట్టాలు పగిలిపోయాయి. సగం మంది సహోద్యోగులు అప్పటికే పని మానుకొని వెళ్ళిపోయారు. తేమకు విత్తనాలు పాడైపోతాయని గ్రహించిన రుసాంకా గారు నాలుగు వందల పైచిలుకు పొట్లాలను సంచులలో ఇంటికి తరలించి, రజాయిల మధ్య, బట్టల బీరువాలో భద్రపరిచారు. వసంతంలో అన్నింటినీ అంకెల క్రమంలో తెచ్చి అప్పగించారు. భర్త కోటు కుర్చీ మీదే శీతాకాలమంతా గడిపిందని తరువాత ఎప్పుడో నవ్వుతూ చెప్పారు.

1998 వసంతంలో ఆమె అప్పటి మిరప విభాగాధిపతి, ఇప్పటి మన గౌరవ పూర్వ సంచాలకులు డాక్టర్ లోజెవ్ గారి గదికి వెళ్ళి, కాలువ పక్కన ఎవరూ కోరుకోని చివరి రెండు సాళ్ళు తనకు ఇమ్మని అడిగారు.

"ఏం వేస్తావమ్మా అక్కడ? ఆ మూల నీళ్ళు నిలుస్తాయి."

"మిరపేనండీ. మా అమ్మమ్మ ఊళ్ళో ఒక పాత రకం ఉంది. తొక్క వదులుగా ఉంటుంది, కండ మాత్రం కాగితంలా పలచన. దాన్ని మన మందపాటి రకంతో కలుపుదామని."

"ఎన్నేళ్ళు పడుతుందో తెలుసా?"

"మీరే చెప్పండి."

"తెలిసుంటే నేనే చేసేవాణ్ణి. సరే, రెండు సాళ్ళు. మూడోది అడక్కు."

ఆమె మూడవది ఎన్నడూ అడగలేదు.

ఈ పని ఎంతటి ఓర్పుతో కూడినదో, ఈ వ్యాసం చదివే మన సహోద్యోగుల కుటుంబ సభ్యుల కోసం కొంత వివరించాలి. మొగ్గ విచ్చుకోకముందే, ఉదయపు చల్లదనంలో, చిన్న పట్టకారుతో దాని పుప్పొడి తిత్తులను తీసివేయాలి. కోరుకున్న మొక్క పుప్పొడిని అద్ది, తేనెటీగ వాలకుండా పలుచని గుడ్డ కప్పి, తొడిమకు తెల్లదారం కట్టాలి. కాయ పండిన తరువాత ముందుగా గింజల ముద్దను కోసి వేరుచేసి, మిగిలిన కాయను కాల్చి, మూతపెట్టిన గిన్నెలో మగ్గనిచ్చి, తొక్క వలిచి చూడాలి. కాల్చిన గింజ మొలవదు కనుక ఈ క్రమం తప్పరాదు. ఇదంతా చేస్తే గడిచేది ఒక్క తరం, ఒక్క సంవత్సరం.

ప్రతి కాయకూ తొక్క ఎన్ని ముక్కలుగా ఊడిందో ఆమె నోటు పుస్తకంలో రాసేవారు. 1998 పుటలో పద్నాలుగు, పన్నెండు, పదహారు అన్న అంకెలు కనిపిస్తాయి. 2004లో ఒక వరుసలో మూడు ముక్కలు వచ్చాయి, కానీ తొక్కతో పాటు కండ కూడా జావగా జారిపోయింది. ఆరేళ్ళ శ్రమను ఆమె ఆ రోజే ఎరువు గుంతలో వేసి, మరుసటి ఉదయం యథావిధిగా ఏడింటికి పనిలోకి వచ్చారు. ఆ పుటలో "కండ లేదు" అన్న రెండు మాటలే ఉన్నాయి.

తరువాత కాలంలో, తమ ఇంట మొట్టమొదటి పట్టభద్రురాలిగా, పుస్తక జ్ఞానంతో నిండిన తలతో ఇక్కడ చేరిన ఈ వ్యాసకర్త, 'ముక్కలు' అనేది శాస్త్రీయ ప్రమాణం కాదని ఆమెతో వాదించిన సందర్భం ఒకటి ఉంది. "అలాగా అమ్మాయీ," అని రుసాంకా గారు అప్పుడే దింపిన కాయను చేతిలో పెట్టారు. "ఇదిగో, వలువు. వలిచాక నీ ప్రమాణమేదో నాకూ చెప్పు." వ్యాసకర్త వేళ్ళు రెండు రోజులు మండాయి. ఆనాటి నుండి కేంద్రం నివేదికలన్నింటిలో 'ముక్కలు' అనే రాస్తున్నాము.

ఇక 2011 సెప్టెంబరు సంగతి. అది జరిగిన నాటి నుండి కేంద్రంలో అందరూ దానిని గురించి మాట్లాడుతూనే ఉన్నారు, రాసినవారు మాత్రం లేరు.

ఏటా సెప్టెంబరు చివరి శుక్రవారం ఆవరణలో అందరం కలిసి మిరపకాయలు కాల్చుకొని తినడం మన ఆచారం. ఆ ఏడాది విత్తనశాల నీడలో మూడు పెట్టెల కాయలు ఉన్నాయి. రెండు విందు కోసం. మూడవది రుసాంకా గారిది. పదమూడేళ్ళ ఎంపిక తరువాత మిగిలిన మూడే మూడు మొక్కల కాయలు అవి, ముప్ఫై ఎనిమిది. గింజ తీసే ముందు మరి రెండు రోజులు మాగాలని అక్కడ ఉంచారు. మన వాహన చోదకులు గాన్చో గారు మూడు పెట్టెలనూ ఎత్తుకొచ్చారు. మూడవ పెట్టెలోని కాయల తొడిమలకు దారాలు ఉండడం ఆయన చూశారు. ఎవరో చూరుకు దండలుగా గుచ్చి ఎండబెట్టుకోబోయి మానుకున్నారని అనుకున్నారు. మన ప్రాంతంలో పుట్టినవారెవరైనా అలాగే అనుకునేవారు.

మొదటి కాయను గాన్చో గారే వలిచారు.

"ఒరే, ఇటు చూడండ్రా! చొక్కా విప్పినట్టు వచ్చేసింది!"

"కాయ కాదు, నువ్వు తాగిన రకీయా మాట్లాడుతోంది," అన్నారు కార్యాలయ పర్యవేక్షకురాలు ఎవ్దోకియా గారు. తరువాత తామూ ఒకటి వలిచి, తొక్కను వెలుతురుకు ఎత్తి పట్టి చూశారు. వేలి తొడుగులా, ఎక్కడా చిరుగు లేకుండా ఉంది. ఆ తరువాత అందరూ పెట్టె మీద పడ్డారు.

గాజుశాల నుండి రుసాంకా గారు వచ్చేసరికి గిన్నెలో ఒక్క కాయ మిగిలి ఉంది. ఆమె చూపు ఖాళీ పెట్టె మీద, బూడిదలో సగం కాలిన తెల్లదారాల మీద నిలిచింది. అప్పుడు గానీ అక్కడున్నవారికి విషయం అర్థం కాలేదు. గాన్చో గారి చేతిలోని రొట్టె కింద పడింది.

"ఎన్ని ముక్కలు?" అని అడిగారు రుసాంకా గారు.

"ఏంటక్కా?"

"తొక్క. ఎన్ని ముక్కలుగా వచ్చింది?"

"ఒకటే అక్కా."

"అందరికీనా?"

"అందరికీ," అన్నారు ఎవ్దోకియా గారు, ఏడుస్తూ.

రుసాంకా గారు ఆ ఖాళీ పెట్టెను బోర్లించి దాని మీద కూర్చున్నారు. మిగిలిన కాయను చేతిలోకి తీసుకొని కొన దగ్గర పట్టి లాగారు. వచ్చింది. మెల్లగా, చివరి వరకు నమిలి తిన్నారు.

"ఉప్పు తక్కువైంది," అన్నారు. "గాన్చో, పెట్టె కడిగి పెట్టు. మళ్ళీ కావాలి."

ఆమె కల నిజమైన గంటలోనే బూడిద కూడా అయింది. అది సాధ్యమేనని మాత్రం ఆ రోజు పదిహేడు మంది చేతులకు తెలిసింది. ఆ మూడు మొక్కల తల్లి మొక్కల గింజలు చిటికెడు ఒక పొట్లంలో మిగిలి ఉన్నాయి. మరుసటి వసంతంలో ఆమె వాటితో తిరిగి మొదలుపెట్టారు. పోయినదానిని తిరిగి పొందడానికి ఐదేళ్ళు పట్టింది. ఆ ఐదేళ్ళూ గాన్చో గారు బండి తీసే ముందు ప్రతి ఉదయం కాలువ గట్టుకు వెళ్ళి తొడిమలకు దారాలు కట్టారు. తెల్లవి కావు, నీలివి. "నీలిరంగు మిరప దండ ఎక్కడైనా చూశారా? ఇక ఏ గాడిదా పొరబడడు," అనేవారాయన. ఆ గాడిద ఎవరో ఆయనే చెప్పేవారు కూడా.

2019లో ఈ రకాన్ని ప్రభుత్వ పరీక్షకు పంపే దరఖాస్తు సిద్ధమైనప్పుడు, సృష్టికర్త అన్న గడిలో కార్యాలయం వారు వాడుక ప్రకారం మొదట సంచాలకుల పేరు టైపు చేశారు. అప్పటికి సంచాలకులైన డాక్టర్ లోజెవ్ గారు దానిని కలంతో కొట్టివేసి, "నేనిచ్చింది రెండు సాళ్ళు, అంతే," అన్నారు. ఆ వాక్యం పలికిన అధికారి కింద పనిచేసినందుకు మనమందరం గర్వించాలి. కాయలు ఒకే తీరుగా లేవని మొదటిసారి దరఖాస్తు తిరిగి వచ్చింది. రెండేళ్ళ తరువాత మళ్ళీ పంపారు. 2024 ఫిబ్రవరిలో ధ్రువపత్రం వచ్చింది. అందులో రకం పేరు 'స్తానా', సృష్టికర్త పేరు రుసాంకా తోనెవా. విద్యార్హత అన్న గడిలో మాధ్యమిక విద్య అని ఉంది. ఆ పత్రం ఇప్పుడు మన నడవాలో వేలాడుతోంది. ఉన్నత విద్య అభ్యసించిన మేము రోజూ దాని ముందు నుండే లోపలికి వెళుతున్నాము.

అయితే రుసాంకా గారు ఎదురుచూసిన తీర్పు వేరే ఉంది. ఆ సెప్టెంబరులో రైతు పొలంలో పండిన తొలి పంట నుండి ఒక పెట్టె తీసుకొని, ఎవ్దోకియా గారు, గాన్చో గారు వెంట రాగా, ఆమె తల్లి గారింటికి వెళ్ళారు. ఎనభై ఏడేళ్ళ స్తానా గారు పెరట్లో కూర్చుని ఉన్నారు. 2011లో కూడా లేని భయం ఆ రోజు దారి పొడుగునా ఆమె ముఖంలో కనిపించిందని ఎవ్దోకియా గారు చెబుతారు.

కాయలు కాల్చారు. స్తానా గారు అలవాటుగా వేళ్ళను ఒకసారి ఊదుకొని, మొదటి కాయ అందుకున్నారు. లాగారు. తొక్క మొత్తం చేతిలోకి వచ్చింది. రెండవది, మూడవది, పదవది. పావుగంట తిరగకుండా పెట్టె ఖాళీ అయింది. పెద్దావిడ ఖాళీ చేతులను ఒడిలో పెట్టుకొని అందరి వంకా చూశారు.

"ఇంతేనా? అయిపోయిందా?"

"అయిపోయిందమ్మా. వేళ్ళు కాలాయా?"

"లేదు. వేళ్ళకేం, చల్లగా ఉన్నాయి." వేళ్ళు ఆడించి చూపారు. "మరి ఇంత తొందరగా అయిపోతే ఎలాగే? ఆ బల్ల దగ్గర ముప్ఫై మందిమి కూర్చునేవాళ్ళం. వేళ్ళు మండేవి, నోళ్ళు ఆడేవి. ఇప్పుడీ ఎవ్దోకియా తన కోడలి కథ సగంలో ఉంది, కాయలేమో లేవు."

ఇరవై ఆరేళ్ళ శ్రమకు లభించిన తీర్పు ఇది. గాన్చో గారు నేల చూపులు చూశారు. రుసాంకా గారు మాత్రం తల్లి చేతులను తీసుకొని, ఒక్కొక్క వేలి కొననూ తడిమి చూశారు. ఎక్కడా ఎర్రగా లేదు. అప్పుడు, ఎవ్దోకియా గారు ముప్ఫై ఏళ్ళలో ఎన్నడూ విననంత గట్టిగా, నవ్వారు.

"అయితే రేపు రెండు పెట్టెలు తెస్తానమ్మా."

"మూడు తే. ఈ గాన్చోని కూడా పట్టుకురా, వాడు ఎక్కువ వాగుతాడు."

మరుసటి రోజు ఉద్యోగ జీవితంలో మొదటిసారిగా రుసాంకా గారు, పంటకాలం నడుమ, సెలవు కోరారు. దరఖాస్తులో కారణం అన్న చోట "మిరపకాయలు వలవడం" అని రాశారు. సెలవు మంజూరైంది.

సెప్టెంబరు 30 తరువాత ఆమెకు దరఖాస్తు రాయవలసిన అవసరం ఉండదు. పట్టకారు, ఇరవై ఏడు నోటు పుస్తకాలు, నీలి దారపు ఉండ మాకు అప్పగించారు. కాలువ పక్కన రెండు సాళ్ళు ఖాళీగా ఉన్నాయి. అడిగే ధైర్యం, అక్కడ నిలబడే ఓర్పు ఉన్నవారి కోసం అవి అలాగే ఉంటాయని సంచాలకులు హామీ ఇచ్చారు.

గౌరవనీయులైన రుసాంకా గారూ, మీ నడుము నిటారుగా, మీ చూపు మొగ్గలోని పుప్పొడిని పోల్చగలిగినంత నిశితంగా, మీ గృహం ఆరోగ్యంతో, ఆప్తులతో నిండుగా చిరకాలం వర్ధిల్లాలని మీ సహోద్యోగులందరి పక్షాన మనసారా కోరుకుంటున్నాము. మీ తల్లిగారి సరసన ఇంకా ఎన్నో సెప్టెంబరులు మీకు దక్కాలి. ప్రతి సెప్టెంబరులోనూ ఆ పెరట్లో, కథ పూర్తయ్యే వరకు, కాయలు అయిపోకుండా ఉండాలి.